కరోకేలో తాతల పాటే పాడండి

"అక్కా, వచ్చే గురువారం జపాను నుంచి నలుగురు వస్తున్నారు. డిన్నరయ్యాక కరోకే ఉందట. సులువైన జపనీస్ పాట ఒకటి చెప్పవా?"

ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదు సార్లు నా డెస్కు దగ్గరికి వస్తుంది. అడిగేవాళ్ళది ఇరవై మూడు నుంచి ముప్పై లోపు వయసు. 'నరుతొ' చూస్తూ పెరిగినవాళ్ళు, జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 పాసై ఎన్3తో కుస్తీ పడుతున్నవాళ్ళు, ఆన్‌సైట్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తున్నవాళ్ళు. నన్ను అడిగే వేళకే వాళ్ళ ఫోన్లో ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. యోఅసొబి పాటొకటి, లీసా పాటొకటి, యొనెజు కెన్షి 'లెమన్', ఇంకో రెండు యానిమే పాటలు. ఆ జాబితా మొత్తం కొట్టేసి, కింద ఒక్క పేరు రాసిస్తాను: 'కితగుని నొ హరు'. ఉత్తరాది వసంతం అని అర్థం. 1977లో సెన్ మసఒ పాడాడు. ఎంకా పాట. అంటే జపానులో తాతల వయసు వాళ్ళు సాకే ముందు పెట్టుకుని పాడుకునే బాపతు.

పిల్లల మొహం వాడిపోతుంది. "ఇది మరీ పాతది కదక్కా" అంటారు. మా టీములో సగం మంది నాది తప్పుడు సలహా అంటారు. మాకు జపనీస్ చెప్పిన మాస్టారు కూడా ఇందులో నా పక్షం కాదు. అయినా పదేళ్ళుగా మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, కొండాపూర్ అపార్టుమెంట్ల క్లబ్‌హౌసుల్లో జపాను పాటలు పాడినదాన్నీ, పాడేవాళ్ళని విన్నదాన్నీ. నమ్మే చెబుతున్నాను, వినండి.

సులువు ఎవరికో ముందు అడగండి

నెట్‌లో దొరికే 'సులువైన పాటల' జాబితాలు రెండు రకాలు. ఒకటి ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్ళ కోసం చేసింది. రెండోది జపాను వాళ్ళే తమ కోసం చేసుకున్నది. చిన్నప్పటి నుంచి టీవీలో, స్టేషన్లో, సూపర్‌మార్కెట్లో వెయ్యిసార్లు విన్న పాట వాళ్ళకి సులువే. అది మనకి ఎందుకు సులువవుతుంది? తెలుగు నోటికి ఏది సులువో చెప్పే జాబితా ఎవరూ వెయ్యలేదు. అందుకే ఈ వ్యాసం.

నేనూ ఆ జాబితాలు నమ్మి దెబ్బతిన్నదాన్నే. మొదటిసారి పాడిన పాట 'జన్‌కొకు న తెన్షి నొ తేజె'. 1995లో వచ్చిన 'ఇవాంగెలియాన్' మొదలయ్యే పాట అది. జపానులో ఈనాటికీ ఏ కరోకే గదిలోనైనా వినిపిస్తుంది. మాదాపూర్‌లో ఒక రెస్టారెంటు మేడ మీద గది, ముందు వరసలో అయిదుగురు అతిథులు. రెండో వరసకే ఊపిరి చాల్లేదు. పై స్థాయి అందలేదు. తెర మీద ఇంగ్లిషు అక్షరాలు పరిగెత్తాయి, ఎక్కడున్నానో తప్పిపోయాను. అతిథులు మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆ మర్యాద నాకు బాగా గుచ్చుకుంది. పాట బాగుంటే మనుషులు చప్పట్లు కొట్టరు, గొంతు కలుపుతారు. ఆ రాత్రే తీర్మానించుకున్నాను, ఎదుటివాళ్ళు గొంతు కలిపే పాటే నేర్చుకుంటానని.

తెర మీది ఇంగ్లిషు అక్షరాలు చూడకండి

తెర వైపు చూడనే వద్దు. పాటను ముందే తెలుగు లిపిలో, మీ చేత్తో, కాగితం మీద రాసుకోండి. మా మాస్టారు ఒప్పుకోని మొదటి సంగతి ఇదే. హిరగన వచ్చాక వేరే లిపి ఎందుకని ఆయన వాదన. పరీక్షకి అది సరే. మైకు ముందు మాత్రం కళ్ళు, నోరు, ఊపిరి ఒకేసారి పనిచెయ్యాలి. అప్పుడు అక్కరకొచ్చేది అయిదేళ్ళ వయసులో పలక మీద దిద్దిన లిపి.

ఇంగ్లిషు అక్షరాల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 'ఒ, యు' పక్కపక్కన కనిపించగానే మనవాళ్ళు 'ఔ' అంటారు. అక్కడ ఉన్నది దీర్ఘ 'ఓ'. 'ఇ, ఐ' కనిపిస్తే 'ఐ' అనేస్తారు. అది 'ఏ'. 'సెన్‌సే'ని 'సెన్‌సై' అన్న గొంతులు ఎన్ని విన్నానో. తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. హిందీకి లేని ఈ వసతి మనకుంది. జపనీస్‌కి ఉన్నవీ అవే అయిదు అచ్చులు, వాటి దీర్ఘాలు. మన అక్షరాల్లో అవి ఒక్కటీ పొల్లుపోకుండా పడతాయి.

ఇంకో మాట. ట, డ వాడకండి. జపనీస్‌లో ఆ మూర్ధన్యాలు లేవు. 'టోక్యో' అని మనం రాసేది ఇంగ్లిషు మీదుగా వచ్చిన అలవాటు, రాసుకోవలసింది 'తోక్యో' అని. 2022 అక్టోబరు 21న 'ఆర్ఆర్ఆర్' జపానులో విడుదలయ్యాక అక్కడి అభిమానులు 'నాటు నాటు'ని 'నాతు నాతు' అని పాడారు. వాళ్ళ నోట్లో ట లేదు, ఉన్నదానితో సర్దుకున్నారు. ఆ సర్దుబాటే మనమూ తిరిగి వాళ్ళకి చెయ్యాలి.

ఇక 'ౘు'. ఇంగ్లిషులో టి, ఎస్, యు అని మూడక్షరాలు పెట్టి రాస్తే మన పిల్లలు 'ట్సు' అని తుమ్మినట్టు పలుకుతారు. ఆ ధ్వని మనింట్లోనే ఉంది. చుక్క, చూపు, చుట్టం అనేటప్పుడు అమ్మమ్మ నాలుక పళ్ళ వెనక తగిలి వచ్చే చకారం చూడండి, పాత పుస్తకాల్లో చ మీద చిన్న రెండంకె వేసి ౘ అని అచ్చువేసేవారు. జపనీస్‌లో చంద్రుణ్ని 'ౘుకి' అంటారు. మన చుక్కలో చు, వాళ్ళ చంద్రుడిలో చు ఒకటే. జడ, జల్లు అనేటప్పుడు వచ్చే దంత్య జకారం వాళ్ళ 'జ'కి అంత దగ్గరే. ఇంగ్లిషు మీడియం చదువుల్లో ఈ రెండు ధ్వనులూ పిల్లల నోటి నుంచి జారిపోతున్నాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మతో "చుక్క" అని పలికించుకుని వినండి. ఉచ్చారణకి అంతకన్నా మంచి పాఠం ఏ యాప్‌లోనూ దొరకదు.

పాటకి గణవిభజన చెయ్యండి

పదో తరగతిలో ఛందస్సు పాఠం గుర్తుందా? 'యమాతారాజభానసలగం' బట్టీ పట్టి, మార్కుల కోసం గురులఘువులు గుర్తించి, తర్వాత మరిచిపోయారు. దాన్ని తవ్వి బయటికి తియ్యండి. జపనీస్ పాటకి అంతకు మించిన తాళంచెవి లేదు.

జపనీస్ నడిచేది మాత్రల మీద. భాషాశాస్త్రంలో దాన్ని 'మోరా' అంటారు. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి రెండు. 'న్' అనే పొల్లు ఒక్కటే ఒక మాత్ర తీసుకుంటుంది. ద్విత్వంలో మొదటి సగం ఇంకో మాత్ర. ఇప్పుడు మన సూత్రం చెప్పుకోండి: హ్రస్వం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం గురువు, రెండు మాత్రలు. సున్న ఉన్న అక్షరం గురువు. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు. లెక్క రెండు చోట్లా ఒకే విధంగా తేలుతుంది. 'నిప్పొన్' వాళ్ళ లెక్కలో నాలుగు మాత్రలు, మన లెక్కలో గురువు, గురువు, నాలుగు. 'తోక్యో' నాలుగు, నాలుగు. 'ఓసక' ఒక గురువు, రెండు లఘువులు, నాలుగు. 'హిరొషిమ' నాలుగు లఘువులు.

ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళు పదంలో ఒకచోట నొక్కి మిగతాది మింగేస్తారు. వాళ్ళకి ఈ సమనడక రావడానికి ఏళ్ళు పడుతుంది. మనకి పుట్టుకతోనే ఉంది. ఉన్నదాన్ని ఇంగ్లిషు కోసం పాడుచేసుకున్నాం. ఎలాగంటారా? రోడ్డు మీద కార్ల పేర్లు పలకండి. 'టయోటా' అంటే అయిదు మాత్రలు. అసలు పేరు 'తొయొత', మూడే. 'హోండా' నాలుగు, అసలు 'హొంద' మూడు. మనం 'కరోకే' అనే మాటకే అయిదు మాత్రలు పోస్తున్నాం. అది 'కరఒకె', నాలుగు లఘువులు. 'కర' అంటే ఖాళీ, 'ఒకె' అంటే ఆర్కెస్ట్రాకి వాళ్ళ పొట్టిపేరు.

మాత్ర ఎక్కువైతే పాటలో ఏమవుతుంది? చాలా పాటల్లో ఒక్కో మాత్రకి ఒక్కో స్వరం కట్టి ఉంటుంది. మీరు ఒక మాత్ర మింగితే ఒక స్వరానికి మాట ఉండదు, ఒక మాత్ర పోస్తే మాటకి స్వరం ఉండదు. రెండో వరసకి తబలా ఎటో, మీరెటో. తెర మీది అక్షరాలు పరిగెత్తినట్టు అనిపించేది అందుకే. అక్షరాల తప్పేం లేదు, తప్పు లెక్కలో ఉంది.

కాబట్టి కాగితం మీద ప్రతి అక్షరం నెత్తిన I, U గుర్తులు పెట్టండి. ఒక్క జాగ్రత్త: క్య, ష్య, ర్య లాంటివి వస్తే వాటి ముందక్షరాన్ని గురువు చెయ్యకూడదు. 'కొక్యో' అంటే స్వస్థలం. మన సూత్రం ప్రకారం నాలుగు మాత్రలు తేలుతుంది కానీ వాళ్ళకి మూడే. ఇదొక్కటి మినహాయిస్తే మీ పదో తరగతి తెలుగు మాస్టారు నేర్పిన పాఠం మొత్తం పనికొస్తుంది.

మోహనంలో ఉన్న పాటే ఎంచుకోండి

మాత్రలు సగం. మిగతా సగం రాగం.

మెయిజీ కాలంలో పాశ్చాత్య సంగీతం జపాను బడుల్లోకి వచ్చినప్పుడు ఏడు స్వరాలనూ వాళ్ళ అంకెలతో లెక్కపెట్టారు. హి, ఫు, మి, యొ, ఇ, ము, న. నాలుగోది యొ, ఏడోది న. ఈ రెంటినీ వదిలేసిన అయిదు స్వరాల వరసకి 'యొననుకి' అని పేరు. 'నుకి' అంటే తీసెయ్యడం. మన లెక్కలో నాలుగోది మధ్యమం, ఏడోది నిషాదం. పెద్ద స్వరాల వరసలో అవి రెండూ తీసేస్తే మిగిలేవి స రి గ ప ద. మోహన రాగం!

సంగీతం నేర్చుకున్న పిల్లలు మొదటి ఏడాదిలోనే పాడే 'వరవీణా' గీతం మోహనం. 1957 'మాయాబజార్'లో వెన్నెల పడవ మీది 'లాహిరి లాహిరి' మోహనం. సంగీతం నేర్చుకోకపోయినా మన చెవికి ఆ అయిదు స్వరాల మధ్య దారి తెలుసు. 'ప' తర్వాత ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పక్కర్లేదు. 'కితగుని నొ హరు' ఆ వరసలోనే నడుస్తుంది. స్వరకర్త ఎందో మినొరు. మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి దానంతటదే ఆదితాళం వేసింది.

1961లో సకమొతొ క్యూ పాడిన 'ఉఎ ఒ ముఇతె అరుకో' కూడా చాలా భాగం ఈ చాయలోనే ఉంటుంది. 1963లో అది అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ దానికి 'సుకియకి' అని పేరు పెట్టారు. సుకియకి ఒక మాంసం కూర, పాటకీ కూరకీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరుతో దయచేసి అడగకండి. రాసిన ఏ రొకుసుకె 1960 నాటి నిరసన ఉద్యమం ఓడిపోయిన బాధలో రాసిన పాట అది. కన్నీళ్ళు కిందికి జారకుండా తల పైకెత్తి నడిచే మనిషి పాట. పాడిన సకమొతొ 1985 ఆగస్టు 12న విమాన ప్రమాదంలో పోయాడు. ఇవి తెలిసి పాడితే గొంతు తనంతట తానే నెమ్మదిస్తుంది. మధ్యలో ఈల ఒకటి ఉంది, అది మాత్రం సాధన చెయ్యకుండా వెయ్యకండి.

జపాను దక్షిణాన ఒకినవ దీవులున్నాయి. అక్కడి స్వరాల వరస వేరు. స గ మ ప ని. మన గంభీరనాట. గుడి ఊరేగింపులో నాదస్వరం మీద మల్లారి విన్నవాళ్ళకి ఆ వరస ఒంట్లో ఉంటుంది. 'షిమౌత' అనే పాట అలా మొదలవుతుంది. 'ద బూమ్' బృందం మియజవ కజుఫుమి 1945 ఒకినవ యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకుని రాశాడు. మధ్యలో ఒకచోట ఆ స్వరాల వరస మారుతుంది, అక్కడ మన చెవి తడబడుతుంది. మొదటి పాటగా వద్దు. మూడో ఏడు పాడండి.

నెమ్మది పాట సులువని నమ్మకండి

'అకతొంబొ' చూడండి. ఎర్ర తూనీగ పాట. యమద కోసకు 1927లో స్వరపరిచాడు. పిల్లల పాట, నిదానమైన పాట, పైగా మోహనం. నా సూత్రాలన్నిటికీ సరిపోతుంది కదా అని ఒకమ్మాయి ఎంచుకుంది. మొదటి వాక్యంలోనే అది మంద్ర పంచమం దగ్గర మొదలై తారస్థాయి షడ్జమం తాకి వస్తుంది. గొంతు కింద పట్టుకుంటే పైన అందదు, పైన సర్దుకుంటే కింద మాయమవుతుంది. నెమ్మది పాటలో దాక్కోవడానికి చోటుండదు, ప్రతి స్వరం నిలబడి కనిపిస్తుంది. మిసొర హిబరి 1989లో, తను పోయిన ఏడాదే, పాడిన 'కవ నొ నగరె నొ యో ని' కూడా అంతే. నది పారినట్టు సాగే పాట కాబట్టి తేలిక అనుకుంటారు. ఆ సాగడానికి కావలసిన ఊపిరి ఆవిడది.

మధ్యలయ, మీ గొంతు పరిధి దాటని పాట, వరస చివర ఊపిరి తీసుకోవడానికి జాగా. ఈ మూడూ ఉంటే చాలు.

శ్రుతి మార్చమని సిగ్గుపడకుండా అడగండి

మనవాళ్ళు ఇక్కడే మొహమాటపడతారు. అసలు శ్రుతిలో పాడకపోతే పరువు తక్కువని. ఏ కచేరీలోనైనా గాయకుడు తన శ్రుతికి తంబురా మీటించుకుంటాడా, వేరేవాళ్ళ శ్రుతికా? ఒకటిన్నర, అయిదున్నర అని మనం చెప్పుకునే లెక్కే కరోకే యంత్రంలో కీ గుర్తుగా ఉంటుంది. ఒక్కో నొక్కు అరస్వరం. సెన్ మసఒది మగ గొంతు. ఆడపిల్లలయితే నాలుగయిదు నొక్కులు పైకి తెచ్చుకుని చూడండి, ఎక్కడ 'స' తేలిగ్గా నిలబడితే అదే మీ శ్రుతి. యూట్యూబు ట్రాకు అయితే శ్రుతి మార్చే యాప్‌లో ముందే మార్చి ఫోన్లో పెట్టుకెళ్ళండి.

కరోకే పుట్టిందే ఇందుకు. కోబె నగరంలో బార్లలో వాయిద్యం వాయించే ఇనొఉఎ దైసుకెని ఒక కంపెనీ యజమాని తనతో ఊరికి వచ్చి పాటకి వాయించమన్నాడు. రావడం కుదరక, ఆ యజమాని పాడే తీరుకి తగినట్టు వాయించి టేపులో పంపాడు. ఆ ఆలోచనతోనే 1971లో 11 యంత్రాలు చేయించి బార్లకి అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు. అంటే ఆయన మొదటి కరోకే ట్రాకు ఒక క్లయింటు గొంతుకి కొలిచి కుట్టినది. క్లయింటు కోసం ఊళ్ళు తిరిగే మన ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఈ కథ తప్పక తెలుసుకోవాలి.

గమకం వెయ్యండి, ఒక్కచోటే

జపనీస్ పాట తిన్నగా పాడాలి, మీ కర్ణాటక వంపులు పెట్టకండి అంటారు. పాప్ పాటలకి అది నిజం. ఎంకాకి నిజం కాదు. ఎంకాలో దీర్ఘం నిలబెట్టినచోట గొంతు ఒక్కసారి పక్క స్వరాన్ని తాకి వెనక్కి వస్తుంది. దాన్ని 'కొబుషి' అంటారు. మన గమకానికి పినతల్లి బిడ్డ. పాశ్చాత్య గొంతులకి అది అంత సులువుగా పట్టుబడదు. భజనలో, బుర్రకథలో, ఆలిండియా రేడియో భక్తిరంజనిలో పెరిగిన గొంతుకి అడక్కుండానే వస్తుంది. ఎంకా మనకి సులువు అని నేను మొండిగా అనడానికి మూడో కారణం ఇదే.

అయితే వరసకి ఒక్కటే వెయ్యండి. 'కితగుని నొ హరు' మొదటి చరణంలో కొబుషి అనే పువ్వు పేరూ వస్తుంది, కొండ మీద తెల్లగా పూసేది. మాటలు వేరు, పలుకు ఒకటే. ఆ పువ్వు దగ్గర మాత్రం గొంతు తిప్పకండి, మాట చెడుతుంది.

అర్థం మాత్రం ముందే తెలుసుకోండి

ట్రాన్స్‌లేటర్‌లో పెట్టకండి. జపనీస్ వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి చెప్పించుకోండి.

'కితగుని నొ హరు' ఒక వలసవాడి పాట. ఉత్తరాది పల్లె విడిచి నగరంలో పనికి వచ్చినవాడు. ఊళ్ళో ఇప్పుడు ఏ చెట్టు తెల్లగా నిలబడి ఉంటుందో, ఏ గాలి తిరుగుతుందో తలుచుకుంటాడు. ఋతువులు తెలియని నగరంలో ఉన్న కొడుకుకి వసంతం వచ్చిన సంగతి కూడా తెలియదేమోనని అమ్మ చిన్న పార్సిల్ పంపుతుంది. వాడికి ఇంటికి పోవాలనిపిస్తుంది. అంతే పాట.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచి ఈ రాళ్ళగుట్టల మధ్యకి ఎన్ని జిల్లాల నుంచి పిల్లలు వచ్చారో చూడండి. శ్రీకాకుళం, ఖమ్మం, కడప, ఆదిలాబాద్. ఏసీ ఫ్లోరులో మే నెలా డిసెంబరూ ఒకటే. మామిడి పూత ఎప్పుడొచ్చిందో, తాటిముంజలు ఎప్పుడు దిగాయో తెలియదు. ఒక రోజు తెల్లారగట్ల మియాపూర్‌లో ప్రైవేటు బస్సు డిక్కీలోంచి అట్టపెట్టె దిగుతుంది. మీద స్కెచ్ పెన్నుతో మన పేరు, ఫోన్ నంబరు, మూల మీద నూనె మరక. కొత్తావకాయ వచ్చిందంటే ఎండాకాలం వచ్చిందన్నమాట. ఈ పాటని అర్థం చేసుకోవడానికి కొండాపూర్ హాస్టల్లో ఉండే పిల్లకి ఇంకేం కావాలి?

ఒకసారి ఒక ప్రాజెక్టు గో-లైవ్ అయ్యాక వచ్చిన అతిథుల్లో అరవైకి దగ్గర పడిన ఆయన ఉన్నారు. బుచో హోదా, అంటే విభాగాధిపతి. సాయంత్రమంతా మాట్లాడలేదు. మా టీములో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఈ పాట మొదటి చరణం పాడాడు. తెలుగు లిపిలో రాసుకున్న కాగితం చేతిలో ఉంది, తెర వైపు చూడలేదు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. రెండో చరణం ఆయనే అందుకున్నారు, మైకు లేకుండా. మూడో చరణం ఇద్దరూ కలిసి పాడారు. తర్వాత ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగారు. జీడి అని చెప్పాడు. ఇద్దరూ రాత్రి పదకొండు దాకా చెట్ల గురించి మాట్లాడుకున్నారు.

"ఈ కాలం వాళ్ళు ఎంకా వినరు కదా"

వినకపోవచ్చు. పాతికేళ్ళ జపాను కుర్రవాడు ఫోన్లో ఎంకా పెట్టుకోడు, ఒప్పుకుంటాను. కానీ హైదరాబాదుకి క్లయింటు తరఫున వచ్చేవాళ్ళెవరు? ఎక్కువమంది బుచోలు, వాళ్ళ కింది కచోలు, చెవుల దగ్గర జుట్టు నెరిసినవాళ్ళు. కుర్రవాళ్ళు వచ్చినా ఆ పాట వాళ్ళ తాత పాడగా విన్నదే. మన ఇరవై ఏళ్ళ పిల్లలు ఘంటసాలని ఫోన్లో పెట్టుకోరు. ఎవరో విదేశీయుడు అమీర్‌పేట మెస్సులో నిలబడి 'లాహిరి లాహిరి' మాత్ర తప్పకుండా పాడితే తింటున్న చెయ్యి ఆపి వినరా?

ఈ ఏడాది హిట్టు పాడితే మీరు వాళ్ళ గాయకుడితో పోటీ పడుతున్నట్టు. ఎంత బాగా పాడినా అసలు పాట ముందు తక్కువే. తాతల పాట పాడితే పోటీ లేదు. అది ఎప్పుడో అందరి సొత్తు అయిపోయింది.

సాధన ఎక్కడ

బాత్‌రూములో వద్దు, అక్కడ అందరి గొంతూ బాగుంటుంది. సాయంత్రం ఆరున్నరకి మైండ్‌స్పేస్ నుంచి గచ్చిబౌలి దాకా కారు ఎంతసేపు పాకుతుందో మీకు తెలుసు. అద్దాలెత్తి పాడండి. రెండు చక్రాల బండి అయితే హెల్మెట్‌లో మాత్రలు లెక్కపెట్టుకోండి, సిగ్నల్ దగ్గర మాత్రమే. రాయదుర్గం నుంచి మెట్రో ఎక్కేవాళ్ళు పెదవులు కదపకుండా మనసులో పాడుకోవచ్చు. ఆ సాధన వల్ల మాట గట్టిపడుతుంది.

పాడేచోటు కూడా ఎంచుకోండి. పబ్బులో వంద మంది కొత్తవాళ్ళ ముందు మొదటిసారి పాడవద్దు. జపానులో కరోకే అంటే స్టేజి కాదు. 1980ల నడుమ ఒకయమ ప్రాంతంలో పాత సరుకు రవాణా కంటైనర్లను చిన్న గదులుగా మార్చడంతో 'కరోకే బాక్సు' మొదలైంది. అయిదారుగురు పట్టే గది, తలుపు వేసుకుని పాడుకోవడం. మీ అపార్టుమెంటు క్లబ్‌హౌసు, లేదా శుక్రవారం ఏడు దాటాక ఖాళీగా ఉండే మీటింగు రూము, ఆ కంటైనరుకి ఏమీ తీసిపోవు.

ఒక్క చరణమే నేర్చుకోండి. మొత్తం పాట నేర్చుకున్నవాళ్ళు మొత్తం పాడతారు, ఎదుటివాళ్ళకి చోటు మిగలదు. ఒక చరణం పాడి మైకు రెండు చేతులతో అందించండి. రెండో చరణం వాళ్ళది.

గురువారానికి ఇంకా వారం ఉంది. పాట తెలుగులో రాసుకుని, గురులఘువులు గుర్తుపెట్టి, కాగితం తీసుకుని నా డెస్కు దగ్గరికి రండి. మీ శ్రుతి నేను చూసిపెడతాను.